తాతగారి ట్రంకు పెట్టె: ఒక బైండింగ్ డైరీ

2020 మార్చి 26

ఉగాదికని మూడు జతల బట్టలతో హైదరాబాదు నుంచి విజయనగరం వచ్చాను. ఆదివారం జనతా కర్ఫ్యూ అయింది. బుధవారం ఉగాది, ఆ రోజు నుంచే దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్. పచ్చడిలోకి వేపపువ్వు మా పెరట్లోదే, మామిడికాయ పక్కింటివాళ్ళు గోడ మీంచి అందించారు. ఆఫీసు పని లాప్‌టాప్ మీద నడుస్తోంది. సాయంత్రాలే గడవడం లేదు.

అందుకని అటక మీంచి తాతగారి ట్రంకు పెట్టె దించాను. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ ఎందుకు దించలేదో మూత తీయగానే తెలిసింది. చెదలు. ఒక మూల పుస్తకాలు మట్టిగడ్డల్లా ఉన్నాయి. అమ్మ వాసన చూసి, "పెట్టెతో సహా అవతల పారెయ్" అంది. అవతల అంటే ఎక్కడ? గుమ్మం దాటితే పోలీసులు ఆపుతున్నారు.

మార్చి 29

వరండాలో చాప పరిచి లెక్క పెట్టాను. మొత్తం 43. వాటిలో తొమ్మిది ఎందుకూ పనికిరావు, పట్టుకుంటే పొడి. మిగిలినవి 34. సగానికి పైగా మామూలు పుస్తకాలు కావు. తాతగారు వారపత్రికల్లోంచి కథలూ సీరియళ్ళూ చించి, ఒక్కచోట పెట్టి బైండు చేయించుకున్నవి. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే. సీరియల్ పేజీ వెనక తలనూనె ప్రకటన సగం, వంటింటి చిట్కా సగం వచ్చాయి. సీరియల్ కన్నా అవే ఎక్కువసేపు చదివాను.

వీటిని నేనే బైండు చేయాలని నిశ్చయం. కాలేజీలో ఉండగా రికార్డులు బైండింగ్ షాపులో ఇచ్చి, ఆ పక్కనే నిలబడి చూసేదాన్ని. నాకున్న అనుభవం అంతే.

ఏప్రిల్ 5

మొదటి మైదా జిగురు. ఒక గ్లాసు మైదాకి ఐదు గ్లాసుల నీళ్ళు. ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద ఆపకుండా తిప్పాలి. తెల్లగా ఉన్నది గాజులా మెరిసే దాకా.

ఆపకుండా తిప్పాలి అని తెలిసీ పొయ్యి మీద పెట్టింది రాత్రి ఎనిమిదీ యాభైకి. తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాల పాటు దీపాలు ఆర్పి ప్రమిదలు వెలిగించాలని ప్రధాని చెప్పిన రోజు ఇవాళే. అమ్మ వచ్చి వంటింటి లైటు ఆర్పేసింది. నేను కూడా వీధిలోకి పరిగెత్తాను. మా వీధిలో అన్ని మేడల మీదా దీపాలే, ఎవరో పళ్ళెం కూడా కొట్టారు. వెనక్కి వచ్చేసరికి గిన్నె అడుగంటింది. ఆ గిన్నె గురించి అమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

ఏప్రిల్ 12

మొదటి పుస్తకం పూర్తయింది. ఎలా చేశానో రాసి పెట్టుకుంటున్నాను, మళ్ళీ మరిచిపోతాను కనక.

అచ్చు పుస్తకాన్ని విప్పితే ఫారాలు ఫారాలుగా వస్తుంది. పెద్ద కాగితాన్ని మడిచి చేసిన చిన్న కట్ట ఒక ఫారం, సాధారణంగా 16 పేజీలు. పాత దారం కుళ్ళింది కాబట్టి లాగితే చాలు. అసలు కష్టం పుస్తకం వీపుకి, అంటే కుట్టు ఉండే అంచుకి, ఉన్న పాత జిగురుతో. దాని మీద కొత్త జిగురు రాసి పావుగంట ఆగితే మెత్తబడుతుంది, అప్పుడు చెంచా కాడతో గీరేయొచ్చు. తొందరపడి చాకుతో గీరాను, రెండు ఫారాల మడత చిరిగింది.

చిరిగిన మడతలకి సెల్లో టేపు అంటించబోయి ఆగాను. తాతగారు అంటించిన టేపులే కళ్ళ ముందున్నాయి కదా. జిగురంతా కాగితంలోకి దిగి పసుపు, ఆపైన ఇటుకరాయి రంగు. టేపేమో ఎండి విడిగా ఊడి వచ్చింది. దాని బదులు నాన్నగారి టైపు కాగితాలు దొరికాయి. కార్బన్ పెట్టి కాపీలు తీసే పల్చటి రకం. వేలెడు వెడల్పు పట్టీలు కత్తిరించి, చాలా పల్చటి జిగురుతో మడత మీద వేశాను. ఆరాక అక్కడ పట్టీ ఉన్నట్టే తెలియలేదు. ఇవాళ్టి మొత్తంలో నాకు గర్వంగా అనిపించిన పని ఇదొక్కటే.

తర్వాత ఒక్కో ఫారం మడతలో దబ్బనంతో ఐదేసి కన్నాలు. కొవ్వొత్తి మైనం పట్టించిన నూలుదారంతో ఒక ఫారాన్ని కింది ఫారానికి లంకె వేసుకుంటూ కుట్టడం. బిగువు కుదరాలి. మొదటిసారి ఎంత బిగించానంటే దారం కాగితాన్ని కోసేసింది. రెండోసారి వదులైపోయి పుస్తకం విసనకర్రలా విచ్చుకుంది. మూడోసారికి చేతికి అందింది.

వీపుకి బట్ట కావాలి. కాలికో దొరికే కొట్టు మూసి ఉంది. తాతగారి చిరిగిన పొందూరు పంచె ఇచ్చింది అమ్మ. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు, అందుకే నూలు అంత సన్నం. ఆ సన్నమే నా కొంప ముంచుతుందనుకున్నాను, జిగురు బట్ట పైకి ఊరుతుందని. ఊరలేదు. రెండు పీటల మధ్య పుస్తకం పెట్టి, పైన సన్నికల్లు. అమ్మకి మూడు రోజులు మిక్సీలోనే పచ్చళ్ళు.

ఏప్రిల్ 19

సన్నికల్లు తీశాను. పుస్తకం బాగుంది కానీ అట్టలు అప్పడాల్లా పైకి లేచాయి. తప్పేమిటో ఆలోచించడానికి ఒక రోజు పట్టింది. అట్టకి కూడా బట్టకున్నట్టు పోగు ఉంటుంది. ఒకవైపు సులువుగా వంగుతుంది, ఇంకోవైపు మొరాయిస్తుంది. సులువుగా మడత పడే దిక్కు పుస్తకం నిలువుకి రావాలి. నేను అడ్డంగా కోశాను. పైగా బయటివైపే కాగితం అంటించాను, లోపలివైపు కూడా అంటిస్తేనే రెండూ ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయి.

బాగుచేసిన ఆ పుస్తకం 'కన్యాశుల్కం'. స్కూల్లో పాఠంగా వచ్చిన ముక్క తప్ప మొత్తం ఎప్పుడూ చదవలేదు, సిగ్గుగానే ఉంది. 1892లో ఈ ఊళ్ళోనే ఆడారు. ఇప్పుడు అందరూ చదివేది 1909లో గురజాడ చాలా పెంచి తిరగరాసిన రూపం. మొదటి రంగమే బొంకులదిబ్బ. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరం. చదువుతూ చదువుతూ ఒక్కసారి వెళ్ళి నిలబడి రావాలనిపించింది, కానీ ఏ పని మీద వచ్చావని పోలీసు అడిగితే ఏం చెప్పాలి? గిరీశం అయితే ఏదో ఒకటి చెప్పేవాడు.

కుడుతూ చదివితే చదువు వేరుగా ఉంటుందని తెలిసింది. ఫారం ఫారానికి ఆగుతాం. మధురవాణి మాట మధ్యలో ఉండగా దారం అయిపోతుంది.

ఏప్రిల్ 30

రాష్ట్రం మొత్తంలో గ్రీన్ జోన్ మన జిల్లా ఒక్కటేనట. ఇప్పటికి ఒక్క కేసు లేదు. అందరూ అది మన గొప్పే అన్నట్టు చెప్పుకుంటున్నారు.

కిరాణా కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడ్డాను. కొట్టాయన, "ఏటి పాపా, మళ్ళా మైదానేనా? రోజూ పూరీలేటి మీ ఇంటికాడ?" అన్నాడు. పుస్తకాలకి అని చెప్పాను. నమ్మలేదు.

మే 17

మేలో కేసులు మొదలయ్యాయి. గొప్పలు ఆగిపోయాయి.

బైండు చేసిన నాలుగింటిలో రెండిటికి వీపు దగ్గర బూజు. ఇంకోదాన్ని బొద్దింకలు కొరికాయి. మైదా కదా, వాటికీ పూరీయే. షాపులో జిగురులో మైలుతుత్తం కలిపేవారని గుర్తొచ్చింది, అందుకే ఆ జిగురు కాస్త నీలంగా ఉండేది. వ్యవసాయం పనులకి మినహాయింపు ఉంది కాబట్టి ఎరువులు, పురుగుమందుల కొట్లు తెరిచే ఉన్నాయి. "ఎన్ని ఎకరాలు?" అని అడిగాడు కొట్టతను. పావుకిలో తెచ్చాను. జిగురు దించాక చిటికెడు చాలు. విషం కాబట్టి గిన్నె, గరిటె వేరు, చేతికి ప్లాస్టిక్ సంచి. అమ్మ ఆ గిన్నె మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఇంటూ గుర్తు వేసింది. అడుగంటిన గిన్నే అది.

జూన్ 21

ఆరింటిని వీధిలో చదవడానికి ఇవ్వడం మొదలుపెట్టాను. ఎదురింటి మేడ మీద మాస్టారు ఉంటారు, తెలుగు పండితులుగా చేసి రిటైరైన మనిషి. మెట్లు దిగనివ్వడం లేదు కోడలు. ఆయన తాడు కట్టిన బుట్ట కిందికి దింపుతారు, నేను పుస్తకం వేస్తాను. మూడు రోజులు ఎండలో పెట్టి కానీ కోడలు ఆయన చేతికి ఇవ్వదు. ఆ ఎండకి అట్ట మళ్ళీ అప్పడం.

అంతకన్నా ఘోరం రెండిళ్ళ అవతలి పిన్నిగారు. పుస్తకం అందగానే దాని మీద శానిటైజర్ కొట్టారట, అటూ ఇటూ. నేను స్కెచ్ పెన్నుతో అంత ఓపిగ్గా రాసిన పేరు నీలం చారలై కారింది. ఏ పుస్తకమో అట్ట చూస్తే ఇప్పుడు ఎవరికీ తెలియదు. "పోన్లేమ్మా, జబ్బు పోయింది కదా" అన్నారు.

మాస్టారికి మొదట వెళ్ళింది చాసో కథలు. చాసో అంటే చాగంటి సోమయాజులు, ఈ ఊరివారే, మాస్టారు ఆయన్ని వీధిలో చూసినవారు. పంపే ముందు నేను 'వాయులీనం' రెండుసార్లు చదివాను. భార్య జబ్బుకి డబ్బు కావాలి, ఇంట్లో ఉన్నది ఆమె ఫిడేలే. దాన్ని అమ్ముతాడు భర్త. ఎప్పుడో రాసిన కథ. ఈ నెల మా వీధిలో ఒకావిడ గొలుసు, ఒకాయన ఆటో అలాగే పోయాయి. ఫిడేలన్నా మాట పడకుండా పోయింది, ఆటో గురించి ఆ ఇంట్లో రోజూ గొడవే.

ఆగస్టు 12

వీధి రెండు కొసల్లోనూ సరుగుడు కర్రలు కట్టేశారు. కంటైన్‌మెంట్. మూడిళ్ళలో పాజిటివ్. బుట్ట బంద్. వాలంటీర్ అమ్మాయి గుమ్మం అవతల నిలబడి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని రాసుకుని పోతోంది.

ఇలాంటప్పుడే చింతచెట్టు కథ చేతికి వచ్చింది. కథకి పేరు ఉంది కానీ మా ఇంట్లో దాన్ని ఇలాగే అంటున్నాం. తాతగారు చించి దాచినవాటిలో ఒకటి. రాసినవారి పేరు ఉన్న మూల చెదలు తిన్నాయి. ఇద్దరు అన్నదమ్ములు పొలం పంచుకుంటారు, గట్టు మీద చింతచెట్టు మిగిలిపోతుంది. నాదంటే నాదని పదేళ్ళు కాయ దులపరు. కాయ అలా రాలి కుళ్ళుతుంది. ఒక రాత్రి గాలివాన పట్టుకుంటుంది. పేజీ అడుగున ఆఖరి మాటలు: "తెల్లారి తలుపు తీసి చూసేసరికి". తర్వాత పేజీల్లేవు.

అమ్మని అడిగాను, చదివినట్టు గుర్తుంది, చివర గుర్తులేదు. రాత్రి మాస్టారికి ఫోన్ చేసి కథ మొదలంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "చదివానమ్మాయ్. రేపు చెబుతా" అన్నారు.

ఆగస్టు 16

నాలుగు రాత్రులు చెప్పారు, రోజుకి పావుగంట. అంతకుమించితే దగ్గు. (మామూలు దగ్గే. పరీక్ష చేయించారు, నెగెటివ్.) స్పీకర్ పెట్టి నేను రాసుకున్నాను. తలుపు తీసి చూసేసరికి ఆకాశం ఎక్కువైపోయిందట. నిన్నటి దాకా చెట్లు కప్పిన చోటంతా ఆకాశమే. ఇళ్ళ మీది రేకులు కొబ్బరి మొవ్వుల్లో గుచ్చుకుని ఉన్నాయి. జీడితోట పడుకుంది. పడిపోయిన చింతచెట్టు మొద్దు మీద అన్నదమ్ములు చెరో కొసన కూర్చుంటారు, ఎవరూ మాట్లాడరు, తమ్ముడి కూతురు మాత్రం రెండు కొసలకీ మంచినీళ్ళు తిప్పుతుంది.

"ఆకాశం ఎక్కువైపోయింది" దగ్గర రాయడం ఆపి, మళ్ళీ చెప్పమన్నాను. ఆయన అదే మాట, అదే చోట ఆగి చెప్పారు.

తిన్నగా నాలుగు తెల్లకాగితాల మీద నా దస్తూరీతో రాసి పెట్టాను. ఇంకా కుట్టలేదు.

అక్టోబర్ 27

సిరిమాను. పుట్టి బుద్ధెరిగాక జనం లేకుండా పైడితల్లి పండుగ ఇదే చూడటం. టీవీలో చూశాం. ఏ పనీ చేయలేదు.

2021 జనవరి 30

19 అయ్యాయి. కాలికో దొరుకుతోంది, కానీ పంచె ఉన్నంతకాలం పంచే వాడదామని. బొంకులదిబ్బకి వెళ్ళి వచ్చాను. మాస్కులమ్మే బండి ఉంది, నాకూ అమ్మకీ రెండేసి కొన్నాను.

పత్రికల పేజీలతో చిక్కు వేరు. అవి ఫారాలు కావు, విడి కాగితాలు. మడత లేదు కాబట్టి పాత బైండరు పక్కనుంచి పొడిచి కుట్టేశాడు. పక్క కుట్టు గట్టిగా ఉంటుంది కానీ పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, ప్రతి వరసలో మొదటి రెండక్షరాలు లోపలికి పోతాయి. విప్పి మళ్ళీ అక్కడే కుడితే అంచు ఇంకా తరుగుతుంది. అందుకని రెండేసి విడి కాగితాలని టైపు కాగితం పట్టీతో జత చేసి, మడత పుట్టించి, అలాంటివి నాలుగు ఒకదాంట్లో ఒకటి పెట్టి ఫారం చేస్తున్నాను. ఒక్క పుస్తకానికి రెండు వారాలు. పట్టీ జిగురు పల్చగా ఉండాలి, లేదంటే మడత దగ్గర లావెక్కి వీపు ఉబ్బుతుంది. ఒకటి అలా ఉబ్బింది. నిండు గర్భిణిలా ఉంది, అలాగే ఉంచేశాను.

మే, 2021

అయిదో తారీఖు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. పెట్టె తెరవలేదు. చిన్నాన్న ఆక్సిజన్ కోసం రెండు రాత్రులు ఫోన్లు చేస్తూనే ఉన్నాం, ఒక ప్రైవేటు ఆసుపత్రి బెడ్ ఉందని చెప్పి, తీసుకెళ్ళాక లేదంది. ఇంకోచోట దొరికింది. ఇంటికి వచ్చారు. దాని గురించి ఈ పుస్తకంలో ఇంతకన్నా రాయను.

జూన్ 4

శ్రీకాకుళంలో కథకులు కారా మాస్టారు, కాళీపట్నం రామారావు గారు, పోయారు. 96 ఏళ్ళు. పెట్టెలో ఆయన 'యజ్ఞం' ఉంది, ఇన్నాళ్ళూ అందరికన్నా వెనక పెట్టుకుంటూ వచ్చాను, ఎందుకో తెలుసు. అప్పలరాముడి అప్పు పంచాయితీ చదువుతూ పోతే అది ఎక్కడికి తీసుకెళ్ళి వదులుతుందో కాలేజీ రోజుల్లోనే చూశాను. నెల రోజుల తర్వాత ఇవాళ దబ్బనం పట్టి, ఆ పుస్తకమే విప్పాను. ఎదురింటి మేడ మీంచి బుట్ట దిగింది, అందులో చీటీ: 'అయ్యాక నాకు.'

డిసెంబర్ 18

శ్రీకాకుళం వెళ్ళాను. కారా గారు 1997లో పెట్టిన కథానిలయం చూడాలని ఎప్పటి నుంచో ఉంది. తెలుగు కథలన్నీ ఒక్కచోట ఉండాలని పట్టుబట్టి పోగుచేసిన ఇల్లు అది. చింతచెట్టు కథ అసలు పేరు చీటీ మీద రాసుకుని వెళ్ళాను. దొరికింది.

అక్కడే నిలబడి చివరి పేజీ చదివాను. మొత్తం ఎనిమిది వరసలు. తెల్లారి తలుపు తీసి చూసేసరికి చెట్టు అలాగే ఉంది. పశువులపాక ఎగిరిపోయింది, చెట్టుకి మాత్రం ఏమీ కాలేదు. అన్నదమ్ములు చెరో గుమ్మంలో నిలబడి దాన్ని చూస్తారు. అంతే కథ. కొబ్బరి లేదు, జీడి లేదు, రేకులు లేవు, నీళ్ళు తిప్పిన పిల్ల లేదు.

తిరుగు బస్సులో కూర్చున్నాక బుర్రలో వెలిగింది. నా దగ్గరున్న పేజీల్లో ఎక్కడా కొబ్బరిచెట్టన్నదే లేదు. ఎదురింటి మాస్టారి సొంతూరు కవిటి వైపు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరీ జీడీ నేలమట్టం చేసింది. ఆ రాత్రి ఆయన ఊళ్ళోనే ఉన్నారు, ఆ మర్నాడు తలుపు తీసింది ఆయనే. తోట పోయాకే కొడుకు దగ్గరికి, ఈ మేడ మీదికి వచ్చారు. నాకు ఇదంతా తెలుసు. నాలుగు రాత్రులు వింటూ రాసుకున్నప్పుడు మాత్రం తట్టలేదు.

డిసెంబర్ 20

ఇప్పుడు మెట్లెక్కనిస్తున్నారు. ఫోన్‌లో తీసుకొచ్చిన పేజీ ఫొటో చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టి, ఫొటో పెద్దది చేయించుకుని, ఎనిమిది వరసలూ చదివారు.

"ఇలాగా ఉంది?" అన్నారు.

"ఇలాగే ఉంది మాస్టారూ."

"బాగా రాశాడు." కాసేపాగి, "నాదేదీ, తే" అన్నారు.

నా దస్తూరీలో ఉన్న నాలుగు కాగితాలు ఇచ్చాను. చించేస్తారేమోనని భయపడ్డాను. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి దిద్దడం మొదలుపెట్టారు. మొదటి పేజీలోనే ఆరు తప్పులు. 'మొవ్వు' దగ్గర నేను 'మువ్వు' అని రాశాను. 'తిప్పుతుంది' కొట్టేసి 'తిప్పుతోంది' చేశారు. రెండో పేజీలో ఒక చోట ఆగి, "ఆ పిల్ల నీళ్ళు తేలేదమ్మాయ్, టీ. నేనే నీళ్ళని చెప్పినట్టున్నాను" అని కొట్టేసి, పైన చిన్నగా 'టీ' అని రాశారు.

అచ్చు పేజీ ప్రింటు తీయించి ముందు కుడతాను, మాస్టారి నాలుగూ దాని వెనక. ఇప్పటికి 29 అయ్యాయి, ఇది 30. ఎర్ర సిరా తడికి పాకే రకంలా ఉంది, జిగురు చెమ్మ తగిలితే పిన్నిగారి శానిటైజర్ కథే అవుతుంది. ఒక మూల నీటిచుక్క వేసి చూశాను, పాకింది. అందుకని ఈ నాలుగింటికీ జిగురు పట్టీ వేయను. కాగితాలు వెడల్పుగానే ఉన్నాయి, అంచు మడిచి దారంతోనే కుట్టేస్తాను.

పంచె ఇంకో జానెడు మిగిలింది.